తీగ లేని దీపం – పెళ్ళి ఫోటో కథ



మన ఊళ్ళల్లో పెళ్ళి జరిగితే ఫోటోలు తీసే అబ్బాయి వస్తాడు. జగ్గయ్యపేట నుంచో, నందిగామ నుంచో వస్తాడు. వెంట ఇంకో కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాడి చేతిలో పొడుగాటి కర్ర లాంటి స్టాండు ఉంటుంది. స్టాండు మీద తెల్ల గొడుగు ఉంటుంది. గొడుగు దగ్గర ఒక దీపం ఉంటుంది.

ఫోటో తీసే అబ్బాయి పెళ్ళికూతురి ఎదురుగా నిలబడతాడు. కుర్రాడు పది అడుగుల దూరంలో, ఓ పక్కన నిలబడతాడు. అబ్బాయి కెమెరా మీట నొక్కుతాడు. అదే క్షణంలో దూరంగా ఉన్న దీపం తళుక్కుమంటుంది.

కెమెరాకూ ఆ దీపానికీ మధ్య తీగ లేదు. ఎవరూ స్విచ్చి వేయలేదు. మరి దీపానికి ఎలా తెలిసింది? అసలు దీపాన్ని అంత దూరం ఎందుకు పెట్టారు? కెమెరా మీదే పెట్టుకోవచ్చు కదా?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఈ పాఠంలో ఉంది. రెండో ప్రశ్న ముందు చూద్దాం. మనకు ఎక్కువ పనికొచ్చేది అదే.

వెలుతురు ఎటు నుంచి?

తళుక్కుమనే ఆ దీపాన్ని ఫ్లాష్ అంటారు. ఫ్లాష్ అంటే మెరుపు. మెరుపు లాగే వచ్చి పోతుంది. సెకనులో వెయ్యో వంతు కాలం వెలుగుతుంది, ఒక్కోసారి అంతకన్నా తక్కువ.

ఒక చిన్న పని చేసి చూడండి. రాత్రి పూట ఇంట్లో దీపాలు ఆర్పండి. పిల్లవాడిని గోడకు మూరెడు దూరంలో నిలబెట్టండి. సెల్ ఫోన్లో ఉండే టార్చి లైటు వేయండి. లాంతరు ఉంటే లాంతరైనా సరే.

ముందు ఆ దీపాన్ని మీ కంటి పక్కనే పెట్టుకుని వాడి మొహం చూడండి. మొహమంతా తెల్లగా, చదునుగా కనిపిస్తుంది. ముక్కు ఎత్తు తెలీదు. నుదురు మెరుస్తుంది. వెనక గోడ మీద నల్లటి నీడ అంటుకున్నట్టు పడుతుంది.

ఇప్పుడు దీపాన్ని చెయ్యి చాపి పక్కకు తీసుకెళ్ళండి. కొంచెం పైకి ఎత్తండి. మొహం మారిపోతుంది. ముక్కు తేరుతుంది. బుగ్గ గుండ్రన తెలుస్తుంది. కళ్ళకు కాంతి వస్తుంది. గోడ మీద నీడ పక్కకు పోతుంది.

ఇంకా ఒకటి. దీపాన్ని గడ్డం కిందకు తీసుకురండి. పిల్లవాడు దెయ్యంలా ఉంటాడు! పిల్లలు ఒకళ్ళనొకళ్ళు భయపెట్టుకోడానికి చేసే పనే ఇది.

పిల్లవాడు అదే పిల్లవాడు. మొహం అదే మొహం. దీపం చోటు మారింది, అంతే.

ఈ సంగతి తాపీ మేస్త్రీలకు బాగా తెలుసు. గోడకు పూత పూశాక నున్నగా వచ్చిందా లేదా అని చూస్తారు కదా. అప్పుడు బల్బును గోడకు ఎదురుగా పట్టుకోరు. గోడ పక్కనే, ఆనించినట్టు పట్టుకుంటారు. అప్పుడే ఎత్తుపల్లాలు బయటపడతాయి.

జగ్గయ్యపేట దగ్గర ధనబోడు అనే దిబ్బ ఉంది. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ బౌద్ధుల స్తూపం ఉండేది. 1882లో బర్జెస్ అనే దొర అక్కడ తవ్వించి చూశాడు. చెక్కిన సున్నపురాతి పలకలు దొరికాయి. వాటిని మద్రాసు మ్యూజియంకు తీసుకెళ్ళారు. ఒక పలక మీద రాజు బొమ్మ ఉంది. రాజు చెయ్యి పైకి ఎత్తాడు. మబ్బుల్లోంచి నాణాలు వానలా కురుస్తున్నాయి. ఆ చెక్కడం లోతుగా ఉండదు, గీత గీసినట్టు పల్చగా ఉంటుంది. అలాంటి రాయికి ఎదురుగా దీపం పెడితే బొమ్మ సగం కనపడదు. పక్క నుంచి వెలుతురు పడితే ప్రతి గీతా లేచి నిలబడుతుంది. శిల్పాల ఫోటోలు తీసేవాళ్ళు అందుకే దీపాన్ని పక్కన పెడతారు.

మన మొహానికైనా ఇదే లెక్క.

"నల్లగా ఉన్నాను, ఫోటో పడదు"

ఈ మాట మన చదువు కేంద్రంలో ఎన్నిసార్లు విన్నానో. "నా ఫోటో ఎందుకులే, నల్లగా ఉంటా, పడదు" అంటారు. పెళ్ళి సంబంధానికి ఫోటో పంపాలంటే ఆడపిల్లకు పౌడరు పూస్తారు. తర్వాత స్టూడియోలో కంప్యూటర్ మీద ఇంకాస్త తెల్లగా చేస్తారు. చివరికి ఆ ఫోటోలో ఉన్నది ఎవరో వాళ్ళ అమ్మకే తెలీదు. అవతలి వాళ్ళు వచ్చి చూసి, "ఫోటోలో వేరేగా ఉందే" అంటారు. ఆ మాట ఆ పిల్ల గుండెల్లో ఎన్నాళ్ళుంటుందో ఆలోచించండి.

ఫోటో పడకపోవడం ఒంటి రంగు వల్ల కాదు. నేను గట్టిగానే చెబుతున్నాను. మరి దేనివల్ల?

కెమెరా వెలుతురును తనే కొలుచుకుంటుంది. ఎదురుగా ఉన్నదంతా కలిపి సగటు చూస్తుంది. పెళ్ళికొడుకు తెల్ల పంచె కట్టుకుంటాడు. పెళ్ళికూతురు తెల్ల మధుపర్కాలు కట్టుకుంటుంది. వెనక తెల్ల పూల అలంకారం ఉంటుంది. "అబ్బో, వెలుతురు చాలా ఎక్కువగా ఉంది" అని కెమెరా అనుకుంటుంది. వెలుతురు తగ్గించేస్తుంది. పంచె బాగా వస్తుంది. మొహం చీకటవుతుంది. చామనఛాయ మొహం మరీ చీకటవుతుంది. పని తెలిసిన ఫోటోగ్రాఫర్ ఇది చూసుకుని సరిచేస్తాడు. తెలియనివాడు "అమ్మాయి రంగు తక్కువండీ" అంటాడు.

దీనికి పాత కథ కూడా ఒకటి ఉంది. ఇదివరకు ఫోటోలు ఫిల్ము మీద తీసేవారు. అమెరికాలో కొడాక్ అనే పెద్ద కంపెనీ ఫిల్ము తయారుచేసేది. రంగులు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూసుకోడానికి స్టూడియోలకు ఒక కార్డు ఇచ్చేది. దాన్ని షెర్లీ కార్డు అనేవారు. ఆ కార్డు మీద ఉన్నది తెల్ల దొరసాని. ఆవిడ మొహం బాగా వస్తే ఫిల్ము బాగున్నట్టే లెక్క. నల్లవాళ్ళ మొహం ఎలా వస్తుందో చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. చివరికి గొడవ పెట్టింది ఎవరో తెలుసా? చాక్లెట్లు అమ్మేవాళ్ళు, కర్ర సామాను అమ్మేవాళ్ళు. "మా సరుకు రంగు ఫోటోలో సరిగా రావడం లేదు" అన్నారు. అప్పుడు ఫిల్మును బాగుచేశారు. మనుషుల కోసం కాదు, బల్లల కోసం! నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది.

నల్లటి ఒంటికి పక్క వెలుతురు చాలా బాగుంటుంది. నేరేడు పండును ఎండలో పెట్టి చూడండి. ఒక పక్క నిగనిగ మెరుస్తుంది. ఆ మెరుపే దాని అందం. ఎదురు దీపంలో ఆ మెరుపు చచ్చిపోతుంది.

ఇప్పుడు అర్థమైంది కదా, దీపాన్ని కెమెరా మీద నుంచి దించి పక్కకు ఎందుకు తీసుకెళ్తారో.

గొడుగు ఎందుకు?

ఇది చిన్న సంగతే. మిట్టమధ్యాహ్నం ఎండలో మన నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. మబ్బు పట్టిన రోజు నీడే సరిగా తెలీదు. మబ్బు వెలుతురును పరిచేస్తుంది. తెల్ల గొడుగు చేసే పని కూడా అదే. చిన్న దీపం గొడుగంత దీపం అవుతుంది. నీడలు మెత్తబడతాయి.

గొడుగు వద్దంటే వెలుతురు గుచ్చినట్టు ఉంటుంది. కానీ గొడుగుతో గాలికి ఇబ్బంది. ఆరుబయట పందిట్లో గాలి లేస్తే స్టాండు పడిపోతుంది. అందుకే కుర్రాడు దాన్ని వదలకుండా పట్టుకుని నిలబడతాడు. పాపం, వాడికి భోజనం చివరి బంతిలో దొరుకుతుంది.

తీగ ఉన్న రోజులు

దీపాన్ని పక్కన పెట్టాలని పాతవాళ్ళకూ తెలుసు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కెమెరా కన్ను తెరుచుకున్న సమయానికే దీపం వెలగాలి. ముందు వెలిగినా వృథా. తర్వాత వెలిగినా వృథా.

మొదట్లో మెగ్నీషియం అనే లోహం పొడిని కాల్చేవారు. భగ్గున మండేది. గది నిండా పొగ. తర్వాత ఫ్లాష్ బల్బులు వచ్చాయి. ఒక బల్బు ఒక ఫోటోకే పనికొచ్చేది. కాలిపోయిన బల్బు తీసి కొత్తది పెట్టాలి. మన దేశంలో పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి మహిళ హోమాయ్ వ్యారావాలా. ఆవిడ అలాంటి బల్బులతోనే పనిచేశారు. బరువైన కెమెరా పట్టుకుని, చీర కట్టుకుని, ఢిల్లీ వీధుల్లో సైకిలు మీద తిరిగేవారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి ఫోటోలు ఎన్నో ఆవిడ తీసినవే. 2011లో ఆవిడకు పద్మవిభూషణ్ ఇచ్చారు. 2012లో 98 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

తర్వాత కరెంటుతో పనిచేసే ఫ్లాష్ వచ్చింది. ఇది మాటిమాటికీ వెలుగుతుంది. ఎలాగో చెబుతాను. కుళాయి కింద బిందె పెడతాం. సన్నటి ధారతో మెల్లగా నిండుతుంది. నిండాక బిందెను ఒక్కసారి కుమ్మరిస్తే? భళ్ళున పడుతుంది. ఫ్లాష్ లోపల కరెంటు నింపుకునే బిందె లాంటిది ఒకటి ఉంటుంది. బ్యాటరీ దాన్ని మెల్లగా నింపుతుంది. మీట నొక్కగానే అంతా ఒక్కసారి కుమ్మరిస్తుంది. అదే మెరుపు. మళ్ళీ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఫోటోగ్రాఫర్ "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటాడే, అది ఒక్కోసారి ఈ బిందె నిండడం కోసమే.

అప్పట్లో కెమెరా నుంచి ఫ్లాష్ దాకా తీగ ఉండేది. పెళ్ళి పందిట్లో తీగ అంటే తెలుసు కదా. పిల్లలు పరిగెత్తుతారు. తలంబ్రాల పళ్ళెం పట్టుకుని ఒకరు వస్తారు. పురోహితుడు లేస్తాడు. ఎవరి కాలికో తీగ తగులుతుంది. స్టాండు పడుతుంది, లేకపోతే మనిషి పడతాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి తీగ ఊడిపోతే దీపం వెలగదు. ఆ ఫోటో మళ్ళీ తీయడం కుదరదు. తాళి రెండుసార్లు కట్టరు.

తీగ బాధ పోవడానికి స్లేవ్ అనే కన్ను తెచ్చారు. దాన్ని దూరంగా ఉన్న దీపానికి తగిలిస్తారు. కెమెరా మీద చిన్న మెరుపు మెరిస్తే ఆ కన్ను చూస్తుంది. వెంటనే తన దీపం వెలిగిస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ కన్నుకు సొంత మనిషి, పరాయి మనిషి తేడా తెలీదు. పెళ్ళికి వచ్చిన మేనమామ తన కెమెరాతో ఫ్లాష్ కొడితే దానికీ వెలుగుతుంది. బిందె ఖాళీ అయిపోతుంది. అప్పుడే అసలు ఫోటోగ్రాఫర్ నొక్కుతాడు. దీపం వెలగదు. పైగా వేదాద్రిలో కృష్ణ ఒడ్డున పట్టపగలు ఫోటో తీస్తే, ఎండలో ఆ కన్నుకు మెరుపు సరిగా కనపడదు. మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చినా అంతే.

చూపుతో పని లేని దూత కావాలి. ఆ దూతే రేడియో.

గాలిలో వెళ్ళే కబురు

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడ మాట్లాడితే మన ఊళ్ళో రేడియోలో వినిపిస్తుంది. మధ్యలో తీగ లేదు. తలుపులు వేసుకున్నా వినిపిస్తుంది. మాటను మోసుకొచ్చేవి రేడియో తరంగాలు. చెరువులో రాయి వేస్తే అలలు వస్తాయి కదా, అలాంటివి. కాకపోతే కంటికి కనపడవు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతాయి.

ఈ తరంగాలతో దూరాన ఉన్న వస్తువును పనిచేయించవచ్చని చూపినవాళ్ళలో మన దేశం ఆయన ముందున్నాడు. జగదీశ్ చంద్ర బోస్. మొక్కలకు ప్రాణం ఉందని పాఠాల్లో చెబుతారే, ఆ బోసే. 1895 ప్రాంతంలో కలకత్తా టౌన్ హాల్లో జనం ముందు ఒక పని చేసి చూపించాడు. ఒకచోట యంత్రం నడిపాడు. గోడల అవతల, తీగ లేకుండానే, గంట మోగింది. తుపాకి మందు భగ్గుమంది. జనం నోరు తెరిచారు. ఇవాళ పెళ్ళి పందిట్లో దీపం వెలిగేది ఆ దారిలోనే. తుపాకి మందు బదులు ఫ్లాష్, అంతే తేడా.

ఆ కబురు పంపే చిన్న పెట్టెను ట్రిగ్గర్ అంటారు. ఈ మాట పలక మీద రాసి చూడండి. ట కింద ర వత్తు, దానికి గుడి. గ కింద గ వత్తు. చివర పొల్లు ర్. ట్రిగ్గర్. తుపాకి మీటను ఇంగ్లీషులో అలాగే అంటారు.

ట్రిగ్గర్‌కు రెండు ముక్కలు. ఒకటి కబురు పంపేది. అది కెమెరా నెత్తిన కూర్చుంటుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. రెండోది కబురు అందుకునేది. అది స్టాండు మీద, ఫ్లాష్ కింద ఉంటుంది. కొత్త ఫ్లాష్‌లలో ఈ రెండో ముక్క లోపలే ఉంటోంది, విడిగా కనపడదు.

ఫోటోగ్రాఫర్ మీట నొక్కుతాడు. కెమెరా కన్ను తెరుచుకుంటుంది. నెత్తిన ఉన్న పెట్టెకు "ఇప్పుడు" అని చెబుతుంది. పెట్టె ఆ మాటను గాలిలోకి వదులుతుంది. దూరాన ఉన్న ముక్క అందుకుంటుంది. ఫ్లాష్ బిందె కుమ్మరిస్తుంది. కెమెరా కన్ను మూసుకుంటుంది. ఇదంతా మనం రెప్ప వేసే లోపే అయిపోతుంది.

"మరి పక్క మండపంలో పెళ్ళి జరుగుతుంటే వాళ్ళ దీపం వెలగదా?" అని మన కేంద్రంలో ఒక అక్క అడిగింది. చాలా మంచి ప్రశ్న.

వెలుగుతుంది! ఇద్దరూ జాగ్రత్త పడకపోతే నిజంగానే వెలుగుతుంది. మాఘమాసంలో ఒకే ముహూర్తానికి ఎన్ని పెళ్ళిళ్ళో మీకు తెలుసు. రేడియోలో స్టేషను మార్చడానికి గుబ్బ తిప్పుతాం. విజయవాడ స్టేషను 837 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. అక్కడ పెడితే ఆ స్టేషనే వినిపిస్తుంది, ఇంకోటి వినిపించదు. ట్రిగ్గర్‌కూ అలాంటి అంకెలు ఉంటాయి. వాటిని చానెల్ అంటారు. పంపే ముక్క, అందుకునే ముక్క ఒకే అంకె మీద ఉండాలి. పక్క మండపం వాళ్ళు వేరే అంకె పెట్టుకోవాలి. ఇద్దరూ 1 మీదే ఉంచారనుకోండి. అక్కడ మీట నొక్కితే ఇక్కడ మెరుస్తుంది. పెట్టెతో వచ్చిన అంకెను మార్చకుండా వాడేవాళ్ళు ఉంటారు, అందుకే ఈ తంటా.

ఇప్పటి ట్రిగ్గర్లలో చాలావాటి తరంగాలు సెకనుకు 240 కోట్ల సార్లు ఊగుతాయి. సెల్ ఫోన్లో వైఫై, బ్లూటూత్ కూడా దగ్గర దగ్గర అవే తరంగాలు వాడతాయి. అందుకే సెల్ ఫోన్లు బాగా మూగిన చోట కబురు ఒక్కోసారి తప్పిపోతుంది. ఈ తరంగాలకు ఇంకో బలహీనత ఉంది. నీళ్ళు వాటిని మింగేస్తాయి. మన ఒంట్లో సగానికి పైగా నీళ్ళే. ఖాళీ మైదానంలో వంద మీటర్లు వెళ్ళే కబురు, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ లాంటి జనంలో అంత దూరం వెళ్ళదు. ఇనుప రేకులు కూడా అడ్డం కొడతాయి. స్టాండు కాస్త ఎత్తుగా, జనం తలల పైన ఉంటే చాలు, ఈ బాధ చాలావరకు పోతుంది.

ఫోటోలో నల్ల పట్టీ

ఒక్కోసారి ఫోటోలో సగం వెలుగుగా, కింద నల్లటి పట్టీలా వస్తుంది. అది దెయ్యం కాదు, దిష్టి కాదు. ఆల్బంలో అలాంటిది చూసి ఒక ఇంట్లో పెద్దవాళ్ళు అపశకునం అనుకున్నారట. అందుకే రాస్తున్నాను.

కెమెరా లోపల నాటకం తెరల్లాంటివి రెండు ఉంటాయి. మొదటి తెర జరిగి కన్ను తెరుస్తుంది. రెండో తెర వచ్చి మూస్తుంది. చాలా కెమెరాల్లో సెకనులో 200వ వంతు వరకు కన్ను పూర్తిగా తెరుచుకునే క్షణం ఒకటి ఉంటుంది. అంతకంటే వేగం పెంచితే మొదటి తెర పూర్తిగా పోకముందే రెండో తెర బయల్దేరుతుంది. ఆ సమయంలో ఫ్లాష్ మెరిస్తే తెర నీడ పడుతుంది. అదే ఆ నల్ల పట్టీ. ఫోటోగ్రాఫర్ వేగం తగ్గించుకుంటే పోతుంది. ఖరీదైన ఫ్లాష్‌లలో దీనికి వేరే ఉపాయం ఉంది, అది మనకు అవసరం లేదు.

బేరం చేసేటప్పుడు

పెళ్ళి ఫోటోలకు, వీడియోకు, ఆల్బంకు మనం పెట్టే డబ్బు తక్కువేం కాదు. పత్తి అమ్మిన డబ్బు, మిరపకాయలు అమ్మిన డబ్బు. మగవాళ్ళు స్టూడియోకు వెళ్ళి "ఎన్ని ఫోటోలు, ఎన్ని పేజీలు" అని అడిగి వస్తారు. పేజీలు లెక్కపెట్టడం సులువు. వెలుతురు ఎలా పెడతాడో ఎవరూ అడగరు.

మీరు అడగండి. వెళ్ళి ఇలా అనండి.

"తమ్ముడూ, నువ్వు తీసిన పెళ్ళి ఆల్బం ఒకటి చూపించు."

చూపిస్తాడు. మొదటి పేజీలో పెద్ద ఫోటో చూడకండి, అది ఏరి పెట్టింది. మధ్యలో తిప్పండి. బంతి భోజనాల ఫోటో చూడండి. రాత్రి ఫోటో చూడండి. చామనఛాయ మనుషుల మొహాలు చూడండి. వాళ్ళ ఒంటి రంగు నిజంగా ఒంటి రంగులా ఉందా, సున్నం కొట్టినట్టు ఉందా?

"ఫ్లాష్ కెమెరా మీదే పెడతావా, పక్కన స్టాండు పెడతావా?"

"స్టాండు కూడా ఉందమ్మా."

"దానికి తీగనా, ట్రిగ్గరా? రెండో ట్రిగ్గర్ ఉందా, ఒకటి చెడితే?"

ఈ మాట అడగగానే ఆ అబ్బాయి మిమ్మల్ని ఒకసారి తలెత్తి చూస్తాడు. అప్పటి నుంచి బేరం వేరేగా ఉంటుంది.

"మా అమ్మాయి ఎలా ఉందో అలాగే రావాలి. కంప్యూటర్లో తెల్లగా చేయొద్దు." ఈ మాట ముందే చెప్పండి. తర్వాత చెబితే ఆల్బం అచ్చయిపోయి ఉంటుంది.

అందరూ కలిసి నిలబడే ఫోటో గురించి ఒక మాట. దీపానికి దగ్గరున్నవాళ్ళ మీద వెలుతురు ఎక్కువ పడుతుంది. దూరం రెండింతలైతే వెలుతురు సగం అవుతుందని అనుకుంటాం. కాదు, నాలుగో వంతు అవుతుంది. నాలుగు అడుగుల దూరంలో ఉన్న పెద్దమ్మ మెరిసిపోతుంది. ఎనిమిది అడుగుల దూరంలో ఉన్న చిన్నత్త చీకట్లో ఉంటుంది. గుంపు ఫోటోకు దీపాన్ని బాగా వెనక్కి, ఎత్తుకు తీసుకెళ్ళాలి. అప్పుడు అందరికీ దాదాపు సమంగా పడుతుంది. ట్రిగ్గర్ ఉంటే దీపం ఎంత వెనక్కి పోయినా తీగ చాలదనే బాధ లేదు. చిన్నత్తలు చీకట్లో పడిపోతుంటే గట్టిగా చెప్పండి, "బాబూ, ఆ లైటు కాస్త వెనక్కి జరుపు" అని.

వీడియో కోసం పెట్టే పెద్ద హాలోజన్ దీపం సంగతి వేరు. అది మెరిసి ఆగదు, అలాగే వెలుగుతూ ఉంటుంది, బాగా కాలుతుంది. పందిరి గుడ్డకు, తాటాకుకు, పసిపిల్లలకు దూరంగా పెట్టించండి. దాని తీగను గోడ వారగా వేయించి, పైన పట్టా పరిపించండి. ఫ్లాష్‌ను మాత్రం చెడిపోయినా సరే ఎవరూ విప్పకూడదు. కరెంటు తీసేసినా, సెల్లులు తీసేసినా, లోపల బిందెలో కరెంటు నిలవ ఉంటుంది. గట్టిగా కొడుతుంది. పిల్లలకు ఆడుకోడానికి అసలే ఇవ్వకండి.

ఆడవాళ్ళు తీస్తే?

హైదరాబాదులో 1892లోనే ఆడవాళ్ళకు వేరుగా ఒక ఫోటో స్టూడియో ఉండేది. రాజా దీన్ దయాళ్ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ పెట్టించాడు. ఆయన నిజాం నవాబు కొలువులో ఫోటోలు తీసేవాడు. ఘోషా పాటించే స్త్రీలు మగవాళ్ళ ముందుకు రారు కదా. అందుకని ఆ స్టూడియోలో ఫోటో తీసేది కూడా ఆడమనిషే. ఆవిడ ఇంగ్లీషు దొరసాని.

ఇప్పుడు మన ఊళ్ళల్లో సీమంతం, ఓణీల వేడుక, బాలింత ఇంట్లో బారసాల జరుగుతాయి. అక్కడ ఉండేదంతా ఆడవాళ్ళే. ఫోటో తీసేది మాత్రం మగపిల్లాడు. అతను వచ్చాడని సగం మంది కొంగు సర్దుకుని మూలకు పోతారు. అదే ఒక ఆడపిల్ల తీస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

ఇదివరకు ఈ పనిలో బరువు ఎక్కువ. పెద్ద దీపాలు, తీగల చుట్టలు, వాటిని మోసే మనుషులు కావాలి. ఇప్పుడు ఒక కెమెరా, అరచెయ్యి కంటే కాస్త పెద్ద ఫ్లాష్, ఒక ట్రిగ్గర్, మడిచే స్టాండు, ఒక గొడుగు. అన్నీ ఒక సంచిలో పడతాయి. కెమెరాకు డబ్బు ఎక్కువే అవుతుంది. ట్రిగ్గర్ మాత్రం కొన్ని వేలలో దొరుకుతుంది. పొదుపు సంఘంలో గేదెకు అప్పు తీసుకుంటాం, కుట్టుమిషనుకు తీసుకుంటాం. పదో తరగతి, ఇంటరు చదివిన ఆడపిల్ల ఇంట్లో ఉంటే దీనికి కూడా అడగవచ్చు. ముందే కెమెరా కొనేయమని చెప్పను. కొన్నాళ్ళు ఒక స్టూడియోలో పని నేర్చుకోవాలి. అంతకన్నా ముందు, పైన చెప్పిన టార్చి లైటు పని ఇంట్లో పది మొహాల మీద చేసి చూడాలి. దీపం ఎక్కడ ఉంటే ఏ మొహం ఎలా ఉంటుందో కళ్ళకు అలవాటు కావాలి. సెల్ ఫోన్ ఉంటే దానికి పైసా ఖర్చు లేదు.

ముహూర్తానికి ముందు

ట్రిగ్గర్ మీద ఒక చిన్న బొత్తాం ఉంటుంది. కొన్నిటి మీద ఇంగ్లీషులో టెస్ట్ అని రాసి ఉంటుంది. దాన్ని నొక్కితే ఫోటో తీయకుండానే ఫ్లాష్ మెరవాలి. మెరవకపోతే చానెల్ అంకె కలవలేదో, సెల్లులు అయిపోయాయో చూసుకోవాలి. చాలా ట్రిగ్గర్లకు మనం గోడ గడియారంలో వేసే లాంటి పెన్సిల్ సెల్లులే వేస్తారు, కాస్త లావు రకం. పొద్దుటి నుంచి పెళ్ళికొడుకును చేయడం, స్నాతకం, ఎదురుకోళ్ళు అన్నీ తీసి తీసి, రాత్రి ముహూర్తం వేళకు సెల్లులు నీరసపడతాయి.

జీలకర్ర బెల్లం పళ్ళెం సిద్ధం చేసేటప్పుడే ఆ స్టాండు పట్టుకున్న కుర్రాణ్ణి పిలవండి. "బాబూ, కొత్త సెల్లులు వేశావా? ఒకసారి బొత్తాం నొక్కి చూపించు" అనండి. వాడికి ఇంత టిఫిను కూడా పెట్టండి.